మూడు గిన్నెల క్యారేజీ

నా మూత మీద మా పెద్దాయన పేరు కొట్టి ఉంటుంది. పాత గాజువాకలో నన్ను కొన్నరోజే స్టీలు సామాన్ల కొట్టువాడు టకటకా కొట్టిచ్చాడు. ఉక్కు ఊరి క్యారేజీని కదా, అక్కడి ఉక్కుతోనే చేశారనుకుంటారు అంతా. కాదు. మా విశాఖ ఉక్కు ప్లాంటులో చేసేది కడ్డీలు, వైరు రాడ్లు. గిన్నెల రేకు కాదు. నేనెక్కడ తయారయ్యానో నాకే తెలీదు.

1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ‘గోదావరి’ని వెలిగించారు. మా పెద్దాయన దాని దగ్గరే. ఏ షిఫ్టయినా, సి షిఫ్టయినా పక్కన నేనుండాల్సిందే. అడుగు గిన్నెలో అన్నం, మధ్య గిన్నెలో నెత్తళ్ల ఇగురో కానాగంతల పులుసో, పై గిన్నెలో తోటకూర పప్పు. బయల్దేరే ముందు చోడి అంబలి. ఆ చేపల్లో ఒమేగా-3 ఉందని, ఆ ఆకుకూరలో ఫోలేట్ ఉందని అమ్మగారికి ఎవరూ చెప్పలేదు. మార్కెట్లో తాజాగా ఏది దొరికితే అదే వండేది.

రిటైరయ్యాక ఇద్దరూ కాశీ వెళ్లారు. అక్కడ ఇష్టమైనదేదో వదలాలి కదా, ఆయన చేపలు వదిలేశారు. చేపతోపాటు గుడ్డూ మాంసమూ పోయాయి. పాలు మొదట్నించీ పడవు. నేను మందుల డబ్బానయ్యాను. పై గిన్నెలో షుగర్‌కి మెట్‌ఫార్మిన్, దాని కింద గ్యాసు మాత్రలు, అడుగున పాత చీటీలు.

కొన్నేళ్లకు మతిమరుపు మొదలైంది. “ఏటండీ, ఇప్పుడే కదా తిన్నారు, మళ్లీ వడ్డించమంటారేటి?” అనేది అమ్మగారు. మొదట్లో నవ్వుతూనే. ఓ సాయంత్రం కూర్మన్నపాలెం జంక్షన్లో ఇల్లు ఎటో తెలీక నిలబడిపోయారు. ఆ తర్వాత నవ్వడం మానేసింది. అరికాళ్లలో తిమ్మిర్లంటే వయసన్నారు, తూలితే వయసన్నారు. చివరికి చుట్టాల్లో ఎవరో ‘అల్జీమర్స్’ అన్నారు. ఇల్లంతా బిగుసుకుపోయింది.

అమెరికా నుంచి కొడుకు సీసాలు పంపాడు: చేపనూనె గొట్టాలు, విటమిన్ ఇ, గింకో అనే చెట్టు ఆకుల మాత్రలు. “కాశీలో వదిలింది మళ్లీ దీన్లో ఎట్టీసినారేటి?” అని పెద్దాయన సీసా పక్కకు తోసేశారు. మతిమరుపు మనిషి పట్టుకున్న ఆ పాయింటు నాకు భలే నచ్చింది. ఆ సీసాలూ పెద్దగా గొప్పవేం కాదు. చేపలు తినేవాళ్లలో ఈ జబ్బు తక్కువని చాలా పరిశీలనలు చెప్పాయి గానీ, జబ్బు వచ్చినవాళ్లకు చేపనూనెలోని డీహెచ్ఏ ఇచ్చి చూసిన 2010 నాటి అమెరికా పరీక్షలో ఫలితం కనబడలేదు. విటమిన్ ఇ పెద్ద మోతాదులో ఇస్తే రోగుల రోజువారీ పనులు దిగజారడం కాస్త నెమ్మదించిందని 2014లో తేలింది, జ్ఞాపకం మెరుగుపడలేదు. పైగా రక్తం పలచబడే మందు వాడేవాళ్లకు అది ప్రమాదం.

ఆఖరికి అమ్మగారు ఆయన్నీ నన్నూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు చేసిన మొదటి పని నన్ను తెరవడం. మాత్రల షీటు ఒక్కొక్కటే తీసి చదివాడు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, దానికి తోడు గ్యాసు మాత్ర. రెండూ బి12ని ఒంటికి సరిగా పట్టనివ్వవు. తిండిలో చేప, గుడ్డు, పాలు లేవు. ఆకుకూరల్లో బి12 ఉండదు. రక్తం తీయించాడు. బి12 అడుగంటింది. ఇంజెక్షన్లు రాశాడు, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాడు.

ఆ మందు ఎర్రగా ఉంటుంది, లోపల కోబాల్ట్ ఉండబట్టి. విటమిన్లన్నిట్లో లోహం ఉన్నది అదొక్కటే. మా జాతిదని నేను కొంచెం పొంగిపోయాను. తోడుగా ఫోలిక్ ఆమ్లం మాత్ర. అదీ మనకు దూరపుది కాదు: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాల బృందమే 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బి12 కొరత ఉండగా ఫోలిక్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత మాత్రం తగ్గి, నరాల నష్టం లోలోపల సాగిపోతుంది. అందుకే ఇంజెక్షను ముందు.

ఈ రెండూ హోమోసిస్టీన్ అనే పదార్థాన్ని రక్తంలో పేరుకోనివ్వవు. 2010లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు మతిమరుపు మొదలైన వృద్ధులకు రెండేళ్లు బి విటమిన్లు ఇచ్చి చూస్తే, మెదడు కుంచించుకుపోయే వేగం సుమారు 30 శాతం తగ్గింది. హోమోసిస్టీన్ ఎక్కువున్నవాళ్లలో ఇంకా ఎక్కువ తగ్గింది. కానీ 2014లో దాదాపు 22 వేల మంది లెక్కలు కలిపి చూస్తే తెలివితేటల్లో తేడా కనబడలేదు. నా పొట్టలో పడ్డ సరుకంతా చూశాక నాకు తోచింది చెప్తాను: లోటున్నవాడికి విటమిన్ మందు, లోటు లేనివాడికి ఖర్చు.

మా పెద్దాయన కొన్ని నెలలకు పూర్తిగా కాకున్నా తేరుకున్నారు. తిమ్మిర్లు కొంచెం మిగిలాయి. జంక్షను దాటి ఒక్కరే కూరలకు వెళ్లొస్తున్నారు. పక్కింటి మామ్మగారికీ అవే పరీక్షలు చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఆవిడది నిజంగా అల్జీమర్సే. అవే ఇంజెక్షన్లు అడిగి చేయించుకున్నారు, ఏమీ మారలేదు. కూతుర్ని ఇప్పటికీ “ఎవరమ్మా నువ్వు?” అంటున్నారు.

మీ ఇంట్లో ఏళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు గానీ, చేప, గుడ్డు, పాలు ముట్టని పెద్దవాళ్లు గానీ ఉంటే, ఈసారి రక్తపరీక్షకు వెళ్లినప్పుడు బి12 కూడా చూడమని డాక్టరుగారిని అడగండి. వెళ్తూ వెళ్తూ మందుల డబ్బా కూడా పట్టుకెళ్లండి.