దెబ్బలన్నియు నాకే

నన్ను దూరదర్శన యంత్రమందురు, టీవీ యందురు. మా యింటి ముసలమ్మ తుదిదాక ‘బొమ్మల పెట్టె’ యనియే పిలిచినది. పేరేదైనను, ఆటల ప్రసారమున ఏ లోపము కలిగినను మొదటి దెబ్బ నా నెత్తిమీదనే పడవలెనను విషయమున మాత్రము ఇంటిల్లిపాదికిని ఏకాభిప్రాయమే. హైదరాబాదు నగరమున, 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వారి కర్మాగారమున, ఈసీ టీవీ యను నామధేయముతో, జారుడు తలుపులుగల కొయ్యపెట్టెలో, నలుపు తెలుపుల తెరతో నేను జన్మించితిని. 1975లో ఉపగ్రహము ద్వారా పల్లెప్రజలకు విద్యాప్రసారములను చూపిన పెట్టెలు కూడ ఆ కర్మాగారమున పుట్టిన నా యగ్రజులే. వారు సేద్యపు పాఠములు చెప్పిరే గాని క్రికెట్ చూపలేదు గనుక, వారినెవరును కొట్టియుండరని నా నమ్మకము.

భువనగిరిలో ఒక బడిపంతులుగారి యింట నేను చేరితిని. హైదరాబాదునుండి బయలుదేరిన తరంగములు అంత దూరము వచ్చునప్పటికి నీరసించిపోయెడివి గనుక, డాబామీద పొడవైన ఇనుపగొట్టము నిలిపి దాని కొనను అల్యూమినియము కడ్డీల యాంటెనాను బిగించిరి. 1983 జూన్ 25వ తేదీన లార్డ్స్ మైదానమున మనవారు 183 పరుగులకే ముగిసి, వెస్టిండీస్ బ్యాటింగునకు దిగిన వేళ, మా వీధి యంతయు నా యెదుట కూర్చుండగా, నా తెరనిండ చీమలు ముసరినవి. పంతులుగారి పెద్దకొడుకు డాబా యెక్కి గొట్టము పట్టుకొనెను. “మలుపురా, ఇంకొంచెం మలుపు... ఆఁ, గంతే, కదలకు!” అని క్రిందినుండి కేక. వాడు పాపము కదలలేదు. మదన్‌లాల్ బంతిని రిచర్డ్స్ గాలిలోనికి లేపగా, కపిల్‌దేవ్ వెనుకకు పరుగెత్తి పట్టిన ఆ క్యాచ్‌ను వీధివారందరును నాలో చూచుచుండగా, దానిని చూపించుటకు కారకుడైన యా పిల్లవాడొక్కడు మాత్రము గొట్టము పట్టుకొని “ఏమైంది బాపూ?” అని పైనుండి అడుగుచునే యుండెను. వానికి బదులు చెప్పు తీరిక యెవరికిని లేకపోయినది.

అంతకు వారము దినములకు ముందు, జూన్ 18న, టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వేపై 17 పరుగులకు 5 వికెట్లు పోయిన దశలో నిలిచి కపిల్ అజేయముగ చేసిన 175 పరుగులలో ఒక్కటియైనను నేను చూపలేదు. అక్కడ కెమెరాయే లేదు గనుక మా జాతిలో మరి యెవరును చూపలేదు. విచిత్రమేమన, ఆ లోపమునకు నన్నెవరును నిందింపలేదు. పంతులుగారు వచ్చినవారికెల్ల ఆ యాటను తాము కన్నులార చూచినట్లే వర్ణించెడివారు; సంవత్సరములు గడచినకొలది ఆ సిక్సర్లు మరింత దూరము పోయినవి.

మరుసటి యేడు లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ వచ్చినవి. అచ్చటి గడియారము మనకంటె పండ్రెండున్నర గంటలు వెనుక. వారు పగలు పరుగెత్తినది మనకు అర్ధరాత్రి. ఫలితము పత్రికలో చదువుకొనిన పిదప బొమ్మ చూచుటలో ఉత్కంఠ యేమున్నదని లోకమనును గాని, 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష 55.42 సెకండ్లలో గీత దాటి, 55.41 సెకండ్ల రుమేనియా యువతికి కంచుపతకము విడిచినదని తెలిసియు, పంతులుగారు ఆ చివరి యడుగులను మరల మరల చూడగోరిరి. “ముందు దాటింది మనమ్మాయే గదా, సరిగ్గ చూపియ్యరేంది!” అని నా పక్కడొక్కపై ఒకటి చరిచిరి. ఆయనకు నేను చెప్పలేకపోయిన సంగతి ఇది: 625 గీతలతో అల్లబడిన బొమ్మలు నా తెరపై సెకనుకు 25 మాత్రమే మారును; ఒక్కొక్క బొమ్మ సెకనులో నూటికి నాలుగు వంతుల కాలమును మింగును. ఉష పతకమును హరించినది నూటికి ఒక్క వంతు. నేల మీద కొలిచినచో జానెడైనను లేని దూరము. నా కంటికి వారిరువురును ఒకే బొమ్మలో గీత దాటిరి! ఆ భేదమును తేల్చునది గీతకెదురుగ నిలిపిన వేరొక యంత్రము గాని నేను గాను.

తరువాత రంగుల టీవీ వచ్చి నన్ను మధ్యగదికి నెట్టినది. దయదలచి నాకును ఒక కేబులు తీగ తగిలించిరి. చీమలు పోయినవి, నీడబొమ్మలు పోయినవి, గొట్టము త్రిప్పవలసిన పనియు పోయినది. అప్పటినుండియే చూపరుల కోపము పదింతలైనదని నేను ప్రమాణపూర్వకముగ చెప్పగలను. వికెట్టు పడును, పట్టినవాడు చేతులెత్తి సహచరుల యొద్దకు చేరకముందే శీతలపానీయపు సీసా ప్రత్యక్షమగును. ఓవరులోని ఆరవ బంతి సరిహద్దు చేరినదో లేదో తెలియదు, సబ్బు నురుగు కనబడును. తిరిగి వచ్చునప్పటికి తరువాతి ఓవరులో మొదటి బంతి కీపరు చేతిలో నుండును. చీమలలో ఆట పోయినచో అది ఆకాశము చేసిన పని యని యూరకుండిరి. స్వచ్ఛమైన బొమ్మను చేతికందించి సరిగ కీలకక్షణము వచ్చునప్పటికి లాగుకొనుట మనుష్యులు చేసిన పని యని వారికి తెలియును. నా కదియే న్యాయమైన కోపముగ తోచును. దెబ్బ మాత్రమే తప్పుచోట పడినది.

క్రికెట్ ప్రసారహక్కులపై నడచిన వ్యాజ్యమున, వాయుతరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు పంతులుగారు పత్రిక మడచి, “అయితే ఆరో బంతి ఎవరి సొత్తయ్యా?” అని నన్నడిగిరి. ప్రకటనలు గంటకు 12 నిమిషములకు మించరాదను నియమమొకటి కలదని వినినప్పుడు, గణితోపాధ్యాయుడు గనుక, గోడగడియారము చూచుచు ఒక మధ్యాహ్నమెల్ల లెక్క వ్రాసిరి. లెక్క పూర్తికాకముందే మ్యాచ్ ముగిసినది. క్రికెట్ మాట అటుంచగా, ఒలింపిక్స్‌లో బరువులెత్తుట యను క్రీడ యొకటి కలదని మా యింట తెలిసినది 2000 సెప్టెంబరులో, శ్రీకాకుళపు కరణం మల్లీశ్వరి సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు గెలిచిన పిదపనే. అటుపిమ్మట వారమంతయు ఆ యొక్క యెత్తుటయే చూచితిమి, ఆమె ప్రత్యర్థు లెవరో నేటికిని మా కెరుక లేదు.

ఇప్పుడు నేను చూపుటలేదు. తలుపులు మూసి, పైన తెల్లని అల్లికగుడ్డ పరచి, ఒక పెద్ద పలుచని తెరను నా నెత్తిన నిలిపినారు. దానికి ఆటలు ఇంటర్నెట్టుమీద వచ్చునట. గ్రహించిన బొమ్మను ముక్కలుచేసి, మూటగట్టి, కొన్ని మూటలు చేతికి వచ్చినగాని విప్పరట. అందువలన కేబులు గల పొరుగింటికంటె మా యింటికి వార్త ఆలస్యము. 2024 జూన్ 29 రాత్రి దక్షిణాఫ్రికాతో టీ20 ప్రపంచకప్ ఫైనలున, క్లాసెన్ ఔటగుట పొరుగింటి కేకవలన ముందే తెలిసిపోగా, ఎనుబదియేండ్లు దాటిన పంతులుగారు చేతికఱ్ఱ తీసికొని లేచిరి.

“ఏడికి తాతా?” అని మనుమడు.

“గిది మ్యాచ్ కాదురా, నిన్నటి పేపరు. నేను అవుతలింటికి వోతున్న.”

చివరి ఓవరు, దక్షిణాఫ్రికాకు 16 పరుగులు కావలెను. మనుమడు తలుపులు, కిటికీలు బిగించి వచ్చి నా యెదుట కూర్చుండెను. హార్దిక్ బంతి తుడుచుకొనుచున్నాడని వ్యాఖ్యాత చెప్పుచుండెను. అంతలో గోడ కవతలనుండి, ఆ ముసలిగొంతు అందరికంటె బిగ్గరగ, “పట్టిండు! సూర్య పట్టిండు!” అని అరచినది. మిల్లర్ ఇంకను క్రీజులో బ్యాటు సరిచూచుకొనుచునే యుండెను.