నక్షత్రగణ వైభవము

పసుపునకు ప్రసిద్ధికెక్కిన మన ఆర్మూరు పట్టణమున, నేడు పసుపుకంటె శీఘ్రముగ పక్వమునకు వచ్చు పంట మఱియొకటి కలదు. దానికి ప్రతిభ యని పేరు. పసుపుకొమ్ము ఎనిమిది తొమ్మిది మాసములు నేలలో నుండి, పిదప త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెఱుగుపెట్టిన గాని దాని రంగెట్టిదో చెప్పుటకు తలనెరసిన వర్తకుడైనను సాహసింపడు. మన ప్రైవేటు విద్యాలయములవారో, ఆఱవ తరగతి పసివానిని ఒక ఆదివారమునాడు ఓఎంఆర్ పత్రము నెదుట కూర్చుండబెట్టి, భోజనవేళకు ముందే వీడు మేధావి, వీడు కాడు అని తీర్పుచెప్పి, మొదటివానిని ఫీజు రాయితీతో ‘స్టార్ బ్యాచి’కిని, ఆ రాయితీ భారమును మోయుటకై రెండవవానిని మామూలు సెక్షనునకును పంపుదురు.

ఇట్లేర్పడిన నక్షత్రగణమునకు సమకూర్చు ‘అనుకూల వాతావరణము’ను వర్ణింపవలెనన్న నా కలము చాలదు. అచట సీసీ కెమెరా కలదు, ఆటస్థలము లేదు. బతుకమ్మ సెలవులలో సైతము ఐఐటీ ఫౌండేషను కలదు. బాలుడు కుతూహలముకొలది ఒక ప్రశ్న వేసెనా, ‘అది సిలబసులో లేదు’ అను సమాధానము సర్వదా సిద్ధముగ నుండును. వారాంతపు పరీక్ష ననుసరించి సెక్షనులు మారుచుండుటచే, శనివారమునాడు జ్వరము తగిలిన మేధావి సోమవారమునకు సామాన్యుడగును. జ్వరము తగ్గును గాని సెక్షను మారదు, మరల శనివారము రావలెను.

ప్రవేశమునకై వడపోత పరీక్ష పెట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము 13వ సెక్షనున శాసించి, తొలి తప్పునకు 25,000, ఆపై ప్రతి తప్పునకును 50,000 రూపాయల వఱకు జరిమానా విధించినది. అందుచేత వడపోత మానివేసి ‘స్కాలర్‌షిప్ టెస్టు’ పెట్టుచున్నారు. చట్టమునెడల ఇంతకన్న గౌరవమేమి కావలెను?

అమెరికాలో టర్మన్ అను మనస్తత్త్వశాస్త్రవేత్త 1921లో ఆరంభించి, బుద్ధిపరీక్షలచే 1,500కు పైగా బాలమేధావుల నేఱి, ఆజీవనము పరిశీలించెను. ఆ పరీక్షలలో నెగ్గని షాక్లీ 1956లోను, అల్వారెజ్ 1968లోను భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానమునందిరి; నెగ్గినవారిలో ఒక్కరికైనను అది దక్కలేదు. పాపము, ఆ పండితుడు స్టాన్‌ఫర్డులోనే కాలము గడపెను గాని, ఒక్క ఆదివారము మన ఊరికి వచ్చి నేర్చుకొనలేకపోయెను.

అంతదూరమేల? ఈ జిల్లాలోని పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుచు, భువనగిరి కొండపై శిక్షణ పొంది, పదునాలుగేండ్లు నిండకయే 2014 మే 25న ఎవరెస్టు నధిరోహించినది. ఆమె శక్తిని బయల్పఱచినవి ఎక్కుటకొక కొండ, పట్టుటకొక త్రాడు, వెన్నంటి యుండు శిక్షకుడు; పెన్సిలుతో నలుపుచేయు సున్నలు కావు. మనకును ఊరినానుకొనియే నవనాథ సిద్ధుల గుట్ట కలదు. పిల్లలనచటికి కొనిపోవుటకు యాజమాన్యములకు అభ్యంతరమేమియు లేదట. శనివారము పరీక్ష, ఆదివారము ఎంపిక ఉండుటచే తీరిక చిక్కుట లేదట.