కోడి శోర్వకు టీకా తాత్పర్యం

మూలం

నాటు కోడి దెచ్చి నల్లమిర్యము నూరి
పసుపు నీళ్ళు పోసి పల్చజేసి
కట్టెపొయ్యి మీద కాగబెట్టినయట్టి
శోర్వ తాగ జలుబు జోరు తగ్గు

అవతారిక: మూలం లేనిదే టీక పుట్టదు కనుక పై ఆటవెలదిని ఈ వ్యాఖ్య కోసమే కట్టవలసి వచ్చింది. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఊరు నేటి మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. ఈ టీక ఆ రెండు నియమాలనూ తప్పుతుంది. ఆయన వ్యాఖ్యకు సంజీవని అని పేరు. ఇక్కడ ఆ పేరు శోర్వకే చెల్లుతుంది.

సందర్భం పోచంపల్లి వానకాలం. ముసురు పట్టిందంటే గుంటమగ్గం గుంతలో చెమ్మ ఊరుతుంది, పని ఆగుతుంది. ఆ గుంతలోనే కాళ్లు పెట్టుకుని కూర్చునే నేతగానికి తుమ్ములు మొదలైతే ఇంట్లో పొయ్యి మీదికి ఏం ఎక్కాలో ఒకరు చెప్పనక్కర్లేదు. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తాననడంతో భూదానోద్యమం పుట్టిన ఊరు ఇది. భూమి అడిగిన వినోబా భావే శాకాహారి. ఆ ఊరి పేర కోడికి వ్యాఖ్య రాయడం కొంచెం సాహసమే.

ప్రతిపదార్థం

నాటు కోడి దెచ్చి = పెరట్లో తిరిగి, గింజలూ పురుగులూ ఏరుకుని ముదిరిన కోడిని పట్టుకొచ్చి. ఇక్కడ పూర్వపక్షం: బాయిలర్ కోడి చాలదా? ఆరు వారాలకే రెండు కిలోలు తూగే లేత కోడి అది. కూరకు సుఖం, శోర్వకు చప్పన. ముదురు కోడి కండరాల మధ్య కొలాజెన్ గట్టిపడి ఉంటుంది. పంటికి అదే శత్రువు. సన్నని మంట మీద గంటల తరబడి ఉడికితే కరిగి జెలటిన్‌గా మారుతుంది, శోర్వ పెదవులకు కాస్త అంటుకుంటుంది. పెరట్లో పెంచుకోవడానికే రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా కోడిని మధ్యేమార్గంగా ఒప్పుకోవచ్చు.

నల్లమిర్యము నూరి = మిరియాలు రోట్లో దంచి. పొడి పాకెట్లు ఈ పదంలోకి రావు.

పసుపు నీళ్ళు పోసి = పసుపు వేసి, ఆపైన నీళ్లు పోసి. మిరియానికీ పసుపుకీ ఉన్న పొత్తు మీద 1998లో బెంగళూరు పరిశోధకులు ఒక ఫలితం ప్రచురించారు. పసుపులోని కర్క్యుమిన్ 2 గ్రాములకు మిరియంలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు తోడైతే కర్క్యుమిన్ ఒంటికి పట్టడం సుమారు 20 రెట్లు పెరిగిందట. ఆనందపడేముందు లెక్క చూసుకోవాలి. పసుపులో కర్క్యుమిన్ ఇంచుమించు నూటికి మూడు పాళ్లే. 2 గ్రాములు కావాలంటే 60 గ్రాములకు పైగా పసుపు పొయ్యాలి. అప్పుడది శోర్వ కాదు, అద్దకం.

కట్టెపొయ్యి మీద = సన్నని మంట మీద అని లక్ష్యార్థం. ఈ పాదానికి పట్నం ప్రతుల్లో పాఠాంతరం ఉంది:

కుక్కరందు బెట్టి కూతలే లెక్కించి

ఛందస్సు కుదిరింది, యతీ కుదిరింది. గణాలు విడదీస్తే మొదట "కుక్క" వస్తుందని ఛాందసులు గొణగవచ్చు. ఆవిరి ఒత్తిడికి కుక్కర్లో వేడి 120 డిగ్రీల దాకా ఎక్కుతుంది కనుక ముదురు కోడి కూడా త్వరగా లొంగుతుంది. పాఠం గ్రాహ్యమే.

అధ్యాహారం: అల్లం, ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ, ధనియాల పొడి, ఉప్పు, దించే ముందు కొత్తిమీర. ఇవేవీ పద్యంలో లేవు. ఆటవెలదిలో చోటు చాలక కవి వదిలేశాడు. వండేవాళ్లు వదలకూడదు. ఉప్పు మరిచిన కవిని మాత్రం క్షమించడం కష్టం.

జలుబు జోరు తగ్గు = జలుబు ఉధృతి తగ్గును. "జలుబు పోవు" అనలేదు చూడండి. 12వ శతాబ్దంలోనే యూదు వైద్యుడు మైమోనిదీస్ కోడి రసాన్ని మందుగా చెప్పాడు. 1978లో అమెరికాలో చేసిన ఓ పరీక్షలో, చన్నీళ్లు తాగినప్పటికన్నా వేడి కోడి సూపు తాగినప్పుడు ముక్కులో చీమిడి వేగంగా కదిలింది. 2000లో నెబ్రాస్కా వైద్యుడు స్టీఫెన్ రెన్నార్డ్ తన భార్య ఇంటివాళ్ల పద్ధతిలో కాచిన సూపును ప్రయోగశాలలో పరీక్షించి, వాపు దగ్గరికి పరుగెత్తే తెల్లరక్తకణాల కదలికను అది మందగింపజేస్తుందని చూపాడు. అయితే పరీక్ష గాజు పాత్రలో జరిగింది, రోగి ఒంట్లో కాదు. కనుక ఇక్కడ అతిశయోక్తి లేదు. స్వభావోక్తి అనే చెప్పాలి.

తాత్పర్యం: ముదురు కోడిని మిరియం, పసుపుతో పల్చగా, నిదానంగా కాచి వేడివేడిగా తాగితే ముక్కు తెరుచుకుంటుంది.

విశేషం: రసం దిగిపోయిన తునకలను ఏం చేయాలో పద్యం చెప్పదు. మర్నాడు ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలతో వేయించి జొన్నరొట్టెతో తింటారు. దానికి వేరే పద్యం కట్టాలి. ఈసారి ఉప్పుతో సహా.