వస్తాడు, వచ్చేలా ఉన్నాడు

మా ఇంట్లో నా మాటకు విలువ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఉంది. కాకపోతే అది మా ఆవిడ కట్టిన విలువ. "కుళాయికి వాషరు నేనే మారుస్తాను, ప్లంబరెందుకు దండగ" అని ఎప్పుడన్నానో గానీ, ఆ పూటే చుక్క చప్పుడు వినబడకుండా కుళాయి మూతికి గుడ్డపీలిక కట్టి, కింద స్టీలు గిన్నె పెట్టేసింది. గిన్నె నిండితే కరివేపాకు మొక్కకు పోస్తుంది. మొక్క బాగా ఎదిగింది.

నేను మాత్రం కుర్చీలో కూచుని గ్రీన్‌లాండు భాష వ్యాకరణం చదువుతున్నాను. కలాల్లిసుత్ అంటారు దాన్ని. 2009 నుంచి అక్కడ అధికార భాష అదొక్కటే. 1851లోనే సామ్యూల్ క్లైన్‌ష్మిట్ అనే మిషనరీ దానికి మంచి వ్యాకరణం రాశాడు. నాకు నచ్చిందేమిటంటే, మాట మీద ఎంత నమ్మకముందో అక్కడ క్రియ కడుపులోనే, ధాతువుకీ చివరి ప్రత్యయానికీ నడుమ ఇరికించేస్తారు. 'తికిస్సాక్' అంటే వస్తాడు. మధ్యలో 'గునర్' చేర్చి 'తికిస్సగునర్పొక్' అంటే, వాలకం చూస్తే వచ్చేలా ఉన్నాడు. 'తికిస్సగునఙ్ఙిలక్' అంటే వచ్చేలా లేడు. 'తికిస్సిమస్సాక్' అంటే ఈపాటికి వచ్చే ఉంటాడు. పైగా ఆ 'స్స' ఒక్కటే రేపు జరగబోయేదాన్నీ చెబుతుంది, చెయ్యాల్సిన బాధ్యతనూ చెబుతుంది. ఈ రెండూ ఒకటే అని మా ఆవిడ ఏ వ్యాకరణమూ చదవకుండానే వాదిస్తూ ఉంటుంది.

ఇవి చాలవన్నట్టు 'ఇమ్మకా' అని విడిగా 'బహుశా' కూడా ఉంది. అక్కడ ఊరికీ ఊరికీ మధ్య రోడ్లు లేవు. పడవైనా విమానమైనా వాతావరణం దయతలిస్తేనే కదులుతుంది కాబట్టి, వాళ్లు ఎన్ని ఇమ్మకాలన్నా చెల్లుతుంది. హార్డ్‌వేరు షాపు మా వీధి మలుపులోనే ఉంది. నాకు ఆ సాకు కూడా లేదు.

ఇదంతా ఉత్సాహంగా వివరిస్తే మా ఆవిడ ఓపిగ్గా విని, "బాగుందండీ. ఇంతకీ వాషరు తెచ్చారా?" అంది.

"తెచ్చే ఉంటాను" అన్నాను.

నా సంగతి నేనే ఆనవాళ్లు చూసి ఊహించుకోవాల్సిన స్థితి! ఆమె నా చొక్కా జేబు తడిమి చూసి, పోపు మాడుతోందని వెళ్లిపోయింది. పెద్దరికం నిలబెట్టుకుందామని మా అమ్మాయి వైపు తిరిగి, హోంవర్కు అయిందా అని గద్దించాను.

"అయ్యుంటుంది నాన్నా" అంది, ఫోను మీంచి తలెత్తకుండా.

ఈ కాలం పిల్లలు ఇలాంటివన్నీ ఎక్కడ నేర్చుకుంటారో!