స్పానర్ చిన్నాయన

బనగానపల్లెలో ఏ వీధికి ఆ వీధిలో ఒక స్పానర్ చిన్నాయన ఉంటాడు. మా వీధి ఆయన కాస్త ముదిరిన రకం. ఊరి బయట తాతల నాటి బేనీషా తోట, ఇంటి ముందు నాపరాళ్ల అరుగు, అరుగు నిండా విప్పి పెట్టిన వస్తువులు. మిక్సీ చెడిందంటే ఆయన మొహం వెలుగుతుంది. ఫ్యాను శబ్దం లేకుండా తిరుగుతుంటే మాత్రం దాని కింద కూర్చున్నా ఆయనకు ఊపిరాడదు. అన్నీ బిగించాక మిగిలిపోయిన బోల్టులు వేసుకోవడానికి ఒక రేకు డబ్బా ఉంది. యాగంటి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడో లేదో గానీ ఆ డబ్బాలో సరుకు మాత్రం పెరుగుతూనే ఉంది.

ఈ రకం మనిషిని ఒక్క ప్రశ్నతో గుర్తుపట్టొచ్చు. మీరు ఏం కొన్నా "ఎంతకు పడిందప్పా?" అంటాడు. మీరు ధర చెప్పగానే జాలిగా చూస్తాడు. "దాంట్లో ఏముండాది? నాలుగు బోల్టులు, ఒక కాయిలు" అంటాడు. రేపు చంద్రుడి మీదికి పోయే రాకెట్ చూపించినా ఇదే మాట.

కోత మిషను, అంటే కొమ్మలు కోసే గొలుసు రంపం మీద ఆయన కన్ను పడింది మామిడి చెట్ల వల్లే. చెట్లు ముసలివయ్యాయి. కొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి లోపలికి ఎండ దూరడం లేదు, కాపు చివరల్లోకి పోయింది. ఇలాంటి తోటల్లో కాయలు దిగాక పెద్ద కొమ్మలు కోసి చెట్లను తేలిక చేస్తే కొత్త చిగురు వేసి మళ్లీ కాస్తాయి. కోయాలంటే మిషను వాడు రావాలి, వాడేమో ఫోను ఎత్తడు. "1948 దాకా ఈ ఊరికి నవాబు ఉన్న్యాడు. ఇప్పుడు ఆ కోత మిషనోడే నవాబు" అని అరుగు మీద కూర్చుని ఆక్రోశించేవాడు. 2017లో ఊరి పండుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందట, చెట్టుకు క్షవరం చేసేవాడు మాత్రం దొరకడంట.

దుకాణంలో పెద్ద మిషను ధర అడిగాడు. అలవాటైన జాలి చూపు చూసి బయటికొచ్చాడు. నెల తిరక్కుండా చైనా నుంచి ఒక అట్టపెట్టె దిగింది.

అందులో మిషను లేదు, మిషను కాబోయే సామాను ఉంది. జర్మనీ కంపెనీ పాత మోడల్ ఒకదానికి నకలు. పేటెంటుకు ఆయుష్షు 20 ఏళ్లే కాబట్టి ఆ గడువు దాటిన డిజైన్లను చైనాలో విడిభాగాలుగా పోతపోసి చవగ్గా అమ్ముతారు. 92 సీసీ ఇంజను, అంటే ఒక చిన్న మోపెడ్‌కు సరిపోయే బలం చేతిలో పట్టుకోవాలన్నమాట. పిస్టను, సిలిండరు, క్రాంకు, కార్బురేటరు, క్లచ్చు అన్నీ పేరూ ఊరూ లేని ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. దేన్ని దేంట్లో పెట్టాలో చెప్పే కాగితం ముక్క ఒక్కటీ లేదు. చిన్నాయనకు దాంతో పండగ రెట్టింపయింది. కాగితం ఉంటే చదవాల్సొచ్చేది కదా.

దారిన పోయే నన్ను పిలిచాడు. "యాడికి పోతాండావురా? ఇట్ల రా. ఊరికే సెల్లు లైటు కొట్టు."

ఆ "ఊరికే" అన్న మాట నమ్మి ఇళ్లూ వాకిళ్లూ మరిచినవాళ్లు మా వీధిలో చాలామంది ఉన్నారు. ఆయనకు కావాల్సింది సహాయం కాదు, సాక్షి. మనం ఏదన్నా పట్టుకోబోతే "నువ్వు ముట్టుకోవాకు" అంటాడు. పట్టుకోకపోతే "బొమ్మ మాదిరి నిలబడ్తావేమిరా" అంటాడు.

పని తెలియదని మాత్రం అనలేను. బేరింగు చల్లబడితే ముడుచుకుంటుంది, అది కూర్చునే పెట్టె వేడెక్కితే విచ్చుకుంటుంది. సుత్తి అక్కర్లేకుండా టక్కున దిగుతుంది. ఇది చదువుకున్న మెకానిక్కులు చేసే పద్ధతే. కాకపోతే వాళ్లు బేరింగును దోసెపిండి పక్కన ఫ్రీజర్‌లో పెట్టరు, క్రాంకు పెట్టెను జొన్నరొట్టెల పెనం మీద కాల్చరు. చిన్నమ్మ వంటింట్లోకి వచ్చేసరికి పెనం మీద రొట్టె బదులు ఇంజను ఉంది.

"ఏంది సామీ ఇది? తినేదేనా?"

"రెండు నిమిషాలే, తిప్పెయ్యాల్సిన పని ల్యా."

పిస్టను పిన్నుకు అటూ ఇటూ రెండు సన్నటి తీగ క్లిప్పులు ఉంటాయి. వేలెడు కూడా ఉండవు గానీ పక్షి జాతివి. ఒకటి ఎగిరింది. మంచాల కింద, బియ్యం డ్రమ్ము వెనక, పక్కింటి పిల్లాడి జేబులో కూడా వెతికారు. ఆ రోజు మా వీధిలో ఊడ్చిన ప్రతి చెత్తనూ చిన్నాయన జల్లెడ పట్టాడు. దొరకలేదు. కొత్తది తెప్పించిన మర్నాడు కాఫీ పొడి డబ్బాలో దొరికింది.

క్లచ్చు దగ్గర ఆయన విశ్వరూపం చూడాలి. దానికి ఉల్టా మర. అందరూ విప్పే వైపు తిప్పితే బిగుస్తుంది. ఈ రహస్యం తెలిసినందుకు ఆయనకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. పాలవాడికి చెప్పాడు, పూజారికి చెప్పాడు, ఓట్లడగడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి చెప్పాడు. బిగించేటప్పుడు పిస్టను కదలకుండా ప్లగ్గు బెజ్జంలోంచి తాడు కుక్కాలి. తాడు లేదు. చిన్నమ్మ లంగా నాడా ఉంది. ఇక కాయిలుకూ చక్రానికీ మధ్య సందు ఎంతుండాలంటే విజిటింగ్ కార్డు మందం. ఇన్సూరెన్సు ఏజెంటు ఏళ్లుగా ఇస్తూ పోయిన కార్డుల్లో ఒకటి ఆ ఇంట్లో తొలిసారి అక్కరకొచ్చింది.

ఖర్చు మాట ఎత్తకూడదు. నక్షత్రం గాడి స్క్రూలకు ఆ రకం టీ-స్పానరే కావాలని నంద్యాలకు బస్సెక్కాడు. కిట్టుతో వచ్చిన పెట్రోలు పైపు గట్టిది కాదని ఇంకోటి, గొలుసు నాసిరకమని మంచిది ఇంకోటి. మొత్తం లెక్క కడితే మిగిలిందెంత అని ఒకసారి నోరు జారాను. "మెకానిక్కు కూలి మిగిలిందా లేదా?" అన్నాడు.

తాడు లాగే రోజు వీధంతా చేరింది. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు, దగ్గుమందు మూతతో కొలిచి కలిపాడు. లాగాడు. లాగాడు. ఉన్నట్టుండి వీధి కుక్కలన్నీ ఒకేసారి మాయమయ్యాయి. పొగ చూసి ఎవరో నీళ్ల బిందె కూడా తెచ్చారు. మిషను నిజంగానే పలికింది! ఎండిన వేపదుంగ మీద ఆనించాడు. అరుపు ఉంది, పొగ ఉంది, దుంగ మాత్రం తెగలేదు.

కార్బురేటరు అన్నాడొకాయన. దిష్టి అన్నాడొకాయన. గడపలో కొడవలి పట్టుకుని నిలబడ్డ చిన్నమ్మ దగ్గరికొచ్చి ఓసారి గొలుసును చూసింది. "పళ్లు ఎనక్కి చూస్తాండాయి కదా" అంది.

ఆ పళ్లకు ఒక చరిత్ర ఉంది. 1946లో అమెరికా ఒరెగాన్‌లో జో కాక్స్ అనే ఆయన కట్టెలు కొడుతూ, దుంగను తొలుస్తున్న పురుగును చూశాడు. అది దవడలతో ఎడాపెడా కోసుకుంటూ పోతోంది. ఆ దవడల పోకడతోనే గొలుసు చేసి మరుసటి ఏడాది అమ్మకానికి పెట్టాడు. మన మామిడి కాండాన్ని తొలిచే పురుగూ ఆ కుటుంబానిదే. ఇది చెబితే చిన్నాయన చాలాసేపు ఆలోచించి, "అయితే ఆ పురుగుకు కూలి ఎంతిచ్చినాడంట?" అన్నాడు.

గొలుసు తిప్పి వేశాక దుంగ వెన్నలా తెగింది. ఇక తోటకు పోవడమే తరువాయి. పోలేదు. ముందు అనుమతి కాగితాలు చూడాలన్నాడు. 2002 నాటి వాల్టా చట్టం ఉంది కదా, చెట్టు కొట్టేస్తే అధికారులు అడుగుతారన్నాడు. కొట్టేయడం కాదు కదా చిన్నాయనా, కొమ్మలే కదా అంటే, చీకటి పడ్డాక మిషను భుజాన వేసుకుని వస్తుంటే ఎర్రచందనం వాడనుకుంటారన్నాడు. పగలు పోవచ్చు కదా అంటే ఎండన్నాడు. అసలు సంగతి నాకు అర్థమైంది. మిషను బాగానే నడుస్తోంది. అందులో ఆయనకు పనేం మిగల్లేదు.

చివరికి చిన్నమ్మే ఆ నవాబును పిలిపించింది. వాడు అదే మోడల్ అసలు కంపెనీ మిషనుతో దిగి రెండు చెట్లు చకచకా తేల్చాడు. మూడో చెట్టు సగంలో ఉండగా వాడి మిషను ఆగిపోయింది. ప్లగ్గు మార్చినా నిప్పు రవ్వ రాలేదు. కాయిలు పోయింది, నంద్యాలకు పోవాలి, రేపొస్తానన్నాడు.

"నంద్యాలకు ఏంటికి పోతావప్పా" అని చిన్నాయన లేచాడు. నకలు మిషను కాయిలు అసలు దానికి అచ్చంగా సరిపోతుంది. ఇంటికి పరుగెత్తుకెళ్లి, చక్కగా నడుస్తున్న తన మిషనును తెచ్చి గట్టు మీద పెట్టి విప్పడం మొదలెట్టాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేను మిక్సీ కాలిపోయిన రోజున కూడా చూడలేదు.

"సామీ, మీ మిషనే బాగుండాది కదా, దాంతోనే కోద్దాం" అన్నాడు నవాబు.

"నువ్వుండప్పా" అన్నాడు చిన్నాయన స్క్రూ నోట్లో పెట్టుకుని. "రేయ్, ఊరికే సెల్లు లైటు కొట్టు."

మిట్టమధ్యాహ్నం. నేను లైటు కొట్టాను.