‘ఆయ్’ అంటే ఎవరండీ?

కోనసీమ సత్యనారాయణ అని ఒక మనిషిని అనుకుందాం. పేరు అన్నవరం దేవుడిది, ఆదివారం ప్రార్థన చర్చిలో, కులం సర్టిఫికెట్లో ‘హిందూ’. మా గోదావరి జిల్లాల్లో ఇది వింతేం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్నవాడు ఎస్సీ కాకుండా పోతాడు. అందుకని దేవుడు గుండెల్లో ఉంటాడు, మతం తాసీల్దారు బీరువాలో ఉంటుంది.

ప్రార్థన చేసినందుకు ఇతగాడికి దెబ్బలు పడ్డాయి. అమెరికా వెళ్ళి శరణు అడిగాడు. దిగిన ఏడాదిలోపు అర్జీ పెట్టుకోవాలిట. భయానికి కూడా ఆఖరు తేదీ ఉంటుంది, కరెంటు బిల్లులాగా. 2005లో తెచ్చిన రియల్ ఐడీ చట్టం ఇంకా గడుసుది: అసలు సంగతితో సంబంధం లేనిచోట మాట తేడా వచ్చినా జడ్జిగారు మొత్తం నమ్మకపోవచ్చు.

మాటేమో దుబాసీ చేతిలో ఉందాయె. అసైలం ఆఫీసు ఇంటర్వ్యూకి దుబాసీని మనమే వెంటబెట్టుకెళ్ళాలి. కరోనా రోజుల్లో ఫోనులో సర్కారే ఇచ్చేది, 2023 సెప్టెంబరులో ఆ ముచ్చట తీరిపోయింది. కోర్టులో మాత్రం వాళ్ళే ఇస్తారు. మనవాడికి దొరికినాయనది పుస్తకాల తెలుగు.

‘‘ఎప్పుడు కొట్టారు?’’

‘‘మొన్నండి.’’

మా వైపు మొన్నంటే పోయిన సంక్రాంతి కావచ్చు, 1996 తుపానూ కావచ్చు. దుబాసీ ‘రెండు రోజుల కిందట’ అన్నాడు. రెండు రోజుల కిందట మనవాడు అమెరికాలోనే ఉన్నాడు.

‘‘అడ్డం వచ్చిందెవరు?’’

‘‘మా అన్నయ్యండి.’’

అర్జీలో తోడబుట్టినవాళ్ళు లేరని ఉంది. పెదనాన్న కొడుకు అన్నయ్య కాక మరేమవుతాడు?

‘‘ఏమన్నారు?’’

‘‘చంపేత్తామన్నారండి.’’

అన్నం తినని పిల్లల్ని కూడా అలాగే అంటారని దుబాసీ తన ఖాతాలో ఒక వివరణ కలిపాడు.

‘‘కొట్టింది ఊరివాళ్ళేనా?’’

‘‘ఆయ్.’’

దుబాసీ చెవికది ఇంగ్లీషులా వినబడింది. రికార్డులోకి ‘నేనే’ అని ఎక్కింది. మా వైపే కాదు, ఇంగ్లండు పార్లమెంటులో సైతం ఆయ్ అంటే అవుననే. దుబాసీ లేకపోయుంటే జడ్జిగారికి సరిగ్గా అర్థమయ్యే మాట అదొక్కటే!

పక్క గదిలో ఇంకొకాయన. ఆయన్నెవరూ కొట్టలేదు. ఏజెంటు రాసిచ్చిన కథ తేదీలతో సహా కంఠతా, బాప్తిస్మం పత్రం లామినేషన్‌తో సహా తయారు. ఎన్నిసార్లు అడిగినా అక్షరం తేడా రాదు. జ్ఞాపకమైతే తడబడుతుందిగానీ బట్టీ ఎందుకు తడబడుతుంది?

రెండొందలేళ్ళ కిందట ఈస్టిండియా కంపెనీవాళ్ళు తమ దొరల్ని మద్రాసు కాలేజీలో కూచోబెట్టి తెలుగు నేర్పించారు. అలా నేర్చిన బ్రౌను మా రాజమండ్రిలోనూ కొలువు చేశాడు. దోచుకోవడానికి వచ్చినవాళ్ళకి తట్టిందండీ ఆ ఆలోచన!

అన్నట్టు, విచారణ మొదట్లోనే జడ్జిగారు ఒకటి అడిగారు: ‘‘దుబాసీ మాట నీకు అర్థమవుతోందా?’’ ఆ ప్రశ్నా దుబాసీ నోటమ్మటే వచ్చింది. సత్యనారాయణ లేచి, చేతులు కట్టుకుని, వినయంగా చెప్పాడు.

‘‘ఆయ్.’’