కునుకు: హోదాల వారీగా

పనివేళల్లో మధ్యాహ్న భోజనం తరవాత వచ్చే నిద్ర మెదక్ జిల్లా రామాయంపేటలో ఏడాది పొడవునా, అన్ని పనిదినాల్లోనూ కనిపిస్తుంది. ఆదివారం కూడా వస్తుంది గానీ ఆ రోజు దాని మీద ఎవరికీ ఫిర్యాదు ఉండదు. ఒకటిన్నరకు టిఫిన్ డబ్బా మూత తీయడంతో రంగం సిద్ధమవుతుంది. రెండున్నరకు కనురెప్పలు బరువెక్కుతాయి. నాలుగింటి చాయ్‌తో వ్యవహారం ఒక కొలిక్కి వస్తుంది. సర్కారు ఆఫీసుల పనివేళలు పదిన్నర నుంచి ఐదు దాకా కాబట్టి ఇందులో నిద్రకు పోయే వాటా చిన్నదేమీ కాదు. హైదరాబాద్ నుంచి కామారెడ్డి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఈ మండల కేంద్రం 2018లో మున్సిపాలిటీ అయింది, 2023లో రెవెన్యూ డివిజన్ అయింది. హోదా పెరిగిన కొద్దీ ఏ ఊళ్లోనైనా బల్లలు పెరుగుతాయి, కుర్చీలు పెరుగుతాయి. కుర్చీకి జీవో కావాలి, పోస్టు మంజూరు కావాలి. కునుకుకు అవేమీ అక్కర్లేదు, మనిషి కంటే ముందే జాయినవుతుంది.

దీనికి కారణం అడిగితే రెండు జవాబులు దొరుకుతాయి. రెండూ ఎంతో నమ్మకంగా, ఆవలింతల మధ్య చెప్తారు. మొదటిది రక్త సిద్ధాంతం. అన్నం అరిగించడానికి ఒంట్లో రక్తమంతా కడుపులోకి దిగుతుందట, పైన మెదడుకు చాలక నిద్ర వస్తుందట. తిన్నాక పేగులకు రక్తప్రసరణ పెరిగే మాట నిజమే. కానీ మెదడు తన వాటాను ఎవరికీ వదులుకోదు. రక్తపోటు కొంత పెరిగినా తగ్గినా తనకు రావలసిన రక్తాన్ని దాదాపు ఒకే మట్టంలో నిలుపుకునే ఏర్పాటు దానికుంది. భోజనానికే మెదడు ఖాళీ అయ్యేటట్టయితే పెళ్లి బంతిలో చేయి కడుక్కోవడానికి లేచేవాడే ఉండడు.

రెండోది బియ్యం సిద్ధాంతం. తెలంగాణలో సర్కారు బడుల మధ్యాహ్న భోజనానికి, హాస్టళ్లకు 2015 జనవరి నుంచి సన్నబియ్యం వస్తున్నాయి. రేషన్ దుకాణాల్లో 2025 ఉగాదికి మొదలై మనిషికి 6 కిలోల చొప్పున ఇస్తున్నారు. అప్పటి నుంచి పగటి నిద్ర కూడా సన్నబియ్యం ఖాతాలోనే పడుతోంది. దొడ్డుబియ్యం తిన్నప్పుడు మనుషులు గట్టిగా ఉండేవాళ్లని, మక్క గట్క, జొన్న రొట్టె తిన్న తరం పగటిపూట కన్ను మూసి ఎరగదని అరుగుల మీద చెప్పుకుంటారు. ఆ తరం మిట్టమధ్యాహ్నం వేపచెట్టు కింద నులక మంచం వాల్చుకొని ఏం చేసేదో మాత్రం ఎవరూ చెప్పరు.

నిజానికి ఈ నిద్ర అన్నం తినకపోయినా వస్తుంది. మెదడులో హైపోథాలమస్ అనే చోట ఉన్న జీవగడియారం ఇరవై నాలుగు గంటల్లో రెండుసార్లు మనిషిని కిందికి లాగుతుంది. అర్ధరాత్రి దాటాక గట్టిగా లాగుతుంది, మధ్యాహ్నం రెండుకూ నాలుగుకూ నడుమ కొంచెం మెత్తగా లాగుతుంది. పొద్దున లేచింది మొదలు మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ నిద్రను పిలుస్తుంటుంది. దాన్ని ఎదిరించి మెలకువగా నిలబెట్టే గడియారపు ఊపు సాయంత్రానికి గానీ పూర్తిగా అందుకోదు. ఆ నడుమ సందులో దూరేదే మధ్యాహ్నపు కునుకు. సోమవారం ఒక్కపొద్దు ఉండి మంచినీళ్లతో గడిపే ఉద్యోగి కూడా మూడింటికి బల్ల మీదికి వాలుతాడు. మెతుకు ముట్టని మనిషి మీద బియ్యం నేరం మోపడం కుదరదు. తిండి చేసే పనల్లా ఆ వాలును ఇంకాస్త లోతు చేయడమే. గ్లూకోజు పెరిగితే మెలకువను కాపాడే ఒరెక్సిన్ నాడీకణాలు నెమ్మదిస్తాయని 2006లో ఎలుకల మెదడు కణాల మీద చేసిన పరిశోధనలో తేలింది. కాబట్టి ఈ కేసులో అన్నం రెండో ముద్దాయి. మొదటి ముద్దాయి గడియారం, దాన్ని సస్పెండ్ చేసే అధికారం ఏ కలెక్టరుకూ లేదు.

ఒంటికి సంబంధించిన ఈ సంగతిని బుద్ధికి సంబంధించినదిగా మార్చి, సోమరితనమని పేరు పెట్టడం పెద్దమనుషుల పని. పాతవాళ్లు ఇంత కఠినంగా లేరు. చరక సంహిత పగటి నిద్ర కఫాన్ని పెంచుతుందని మందలిస్తూనే ఎండాకాలంలో అందరికీ, తక్కిన కాలాల్లో పసివాళ్లకు, ముసలివాళ్లకు, పనిచేసీ నడిచీ అలిసినవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. ఈ కాలపు వైద్యులు వేరే చోట నుంచి వస్తున్నారు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ మాటలు బయటికొచ్చాయి: 90 గంటలు, ఆదివారం కూడా, ఇంట్లో కూర్చొని భార్య ముఖం ఎంతసేపు చూస్తారని పైగా ఒక ప్రశ్న. ఈ తొంభై గంటల్లో మధ్యాహ్నాలు ఎన్ని, ఆ మధ్యాహ్నాల్లో మీటింగుల్లో ఊగిన తలలు ఎన్ని, ఊగిన తల ఒప్పుకొని ఊగిందా తూగి ఊగిందా అన్నది తేల్చే పద్ధతి కార్పొరేట్ లోకం ఇంకా కనిపెట్టలేదు. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని, వారానికి మాత్రం 48 దాటకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆరు గంటలకు మించితే నడుమ అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. చేతులు కడగడం, తినడం, డబ్బా కడగడం, ఇంటికి ఫోను, ఇవి పోగా మిగిలిన నిమిషాల్లో కునుకు తీయవచ్చు, మిగిలితే.

జీవగడియారం అందరినీ ఒకే వేళకు లాగుతుంది గానీ, నిద్రపోయే పద్ధతి హోదాను బట్టి మారుతుంది. అందరికన్నా పైనున్న అధికారి నిద్ర గది తలుపు వెనక జరుగుతుంది. ఏ ఆఫీసైనా ఒకటే తీరు. బయట స్టూలు మీద అటెండరు ఉంటాడు. ఊరి నుంచి పాసుబుక్కు పని మీద వచ్చిన రైతుతో, "సారు మీటింగ్‌ల ఉన్నడు తాతా, జర గా బెంచీ మీద కూసో" అంటాడు. మీటింగులో సారు ఒక్కడే ఉంటాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకే చర్చా వినపడదు. తాత బెంచీ మీద కూర్చుంటాడు, పది నిమిషాల్లో ఆయనకూ మీటింగు మొదలవుతుంది. ఆయన పొద్దున్నే చద్దన్నం తిని బస్సెక్కి వచ్చిన మనిషి, గడియారం ఆయనకూ అదే.

గుమస్తా నిద్రకు తలుపు లేదు కాబట్టి కళ కావాలి. ఎడమ చేయి మోచేతి దాకా బల్ల మీద ఆనుతుంది. అరచేయి నుదుటికి అడ్డంగా నిలిచి కళ్లకు నీడ పడుతుంది. కుడి చేతిలో పెన్ను మూత తీసి ఉంటుంది, దాని మొన ఫైలులో ఒక పేరా దగ్గర ఆగి ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఆ పేరాలో ఏదో చిక్కు ఉన్నట్టే ఉంటుంది. పెన్ను జారి కాగితం మీద వంకర గీత పడినప్పుడే గుట్టు బయటపడుతుంది. పాత ఫైళ్లలో సంబంధం లేని చోట కిందికి సాగిన సిరా గీతలు కనపడితే వాటిని సంతకాలుగా పొరబడకూడదు, అవి వేళను తెలిపే గుర్తులు. కంప్యూటర్లు వచ్చాక ఈ కళ కొంత తేలికైంది. తెర మీద ఏదైనా తెరిచి ఉంచి, మౌసు మీద చేయి వేస్తే చాలు. అడిగినవాళ్లకు సర్వర్ డౌన్ అని చెప్పవచ్చు. సర్కారు వ్యవస్థలో పగలంతా పడుకున్నా మెమో అందుకోనిది సర్వర్ ఒక్కటే.

బడులకు వస్తే, పంతుళ్ల హాజరుకు 2025 ఆగస్టు 1 నుంచి ముఖం గుర్తుపట్టే యాప్ వచ్చింది. అది బడికి వచ్చిన ముఖాన్ని గుర్తుపడుతుంది. మధ్యాహ్నం రెండున్నరకు ఆ ముఖంలో కళ్లు తెరిచి ఉన్నాయా అన్నది దాని పరిధిలో లేదు. అయినా ఈ విషయంలో బడి అన్ని శాఖల కన్నా నిజాయితీ గలది. లెక్కల పీరియడును పొద్దున పెట్టి, డ్రాయింగు, ఆటలు మధ్యాహ్నానికి తోసే టైంటేబుల్ చాలా బడుల్లో గోడకే వేలాడుతుంది. మధ్యాహ్నం మెదడు పని చేయదని గోడ మీద రాసి పెట్టుకున్న శాఖ మరొకటి లేదు.

బజారులో కిరాణా సేటు నిద్ర దాపరికం లేనిది. షట్టరు సగం దించి గల్లా పక్కనే ఒరుగుతాడు. పిల్లవాడు వచ్చి చక్కెర అడిగితే కళ్లు తెరవకుండానే ధర చెప్తాడు. తన దుకాణం, తన నష్టం, కాబట్టి ఆయన్ని సోమరి అని ఎవరూ అనరు. నిద్ర నేరం కావాలంటే దాని మీద ఇంకొకరి జీతం ఉండాలి.

ఇంటి గడపలో బీడీలు చుట్టే ఆడవాళ్ల సంగతి వేరు. మెదక్, సిద్దిపేట, కామారెడ్డి ప్రాంతాల్లో వీళ్లు వేలల్లో ఉన్నారు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. ఒళ్లో చాట, చాటలో తడిపి కత్తిరించిన తునికాకు, ఒక మూల తంబాకు, పక్కన దారం ఉండ. మూడింటికి తల వాలుతుంది గానీ వేళ్లు ఆగవు, అలవాటు మీద చుట్టుకుంటూ పోతాయి. ఆ కాసేపట్లో చుట్టిన బీడీలు వదులుగా వస్తాయి. లెక్క అప్పగించేటప్పుడు కార్ఖానాలో వాటిని పక్కకు తీసి పడేస్తారు. ఈ పట్టణంలో మధ్యాహ్నపు కునుకుకు జుర్మానా కట్టేది వీళ్లే. నెల జీతాల వాళ్లలో ఎవరి జీతంలోనూ రెండున్నర నుంచి మూడున్నర దాకా కోత పడిన దాఖలా లేదు.

ఇక చికిత్స. మొదటిది బోరు నీళ్లతో ముఖం కడుక్కోవడం. ముఖం తడి ఆరేదాకా పనిచేస్తుంది. ఎండాకాలంలో అది రెండు నిమిషాలు. భోజనం చేసి పది నిమిషాలు నడవమనే సలహా ఉంది. తిన్నాక నడక రక్తంలో చక్కెరను అదుపు చేసే మాట నిజమే గానీ, మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో తారు రోడ్డు మీద నడవమన్న మనిషి ఆ సలహా ఏసీ గదిలో రాసి ఉంటాడు. తేలిగ్గా తినమనడం మరొకటి. పొద్దున అంబలి తాగి వచ్చి, మధ్యాహ్నం ఒక్కపూటే కడుపునిండా తినే హమాలీకి ఈ సలహా ఎవరు చెప్తారో, చెప్పి ఎలా తిరిగొస్తారో చూడాలి. ఫోనులో వీడియోలు చూడటం కూడా చికిత్సే అంటారు. అది నిద్రను ఆపుతుంది, పనిని కూడా ఆపుతుంది.

అన్నిటికన్నా పరువు గలది చాయ్. నాలుగింటికి బండి దగ్గర నలుగురూ చేరి, ఒక్క చాయ్ పడితే అంతా సెట్ అంటారు. చాయ్‌లోని కెఫీన్ నిద్రను పోగొట్టదు. అడినోసిన్ కూర్చోవలసిన చోట ముందే బస్సు సీటు మీద దస్తీ వేసినట్టు వేసి పెడుతుంది, అంతే. అడినోసిన్ ఎక్కడికీ పోదు, నిలబడే ప్రయాణం చేస్తుంది. దస్తీ తీయగానే కూలబడుతుంది. పైగా కెఫీన్ ఒంటికి పట్టడానికే అరగంట దాకా పడుతుంది, అప్పటికి కునుకు తనంతట తానే దిగిపోయే వేళవుతుంది. పేరు చాయ్‌కి వస్తుంది. తాగిన కెఫీన్‌లో సగం అయిదారు గంటల తరవాత కూడా ఒంట్లోనే తిరుగుతుంటుంది కాబట్టి రాత్రి పదింటికి పక్క మీద దొర్లడం, పొద్దున బరువుగా లేవడం, మర్నాడు మధ్యాహ్నం ఇంకాస్త ముందే తూగడం జరుగుతాయి. చాయ్ బండికి గిరాకీ తగ్గకపోవడానికి ఇదొక కారణం.

అసలు మందు కునుకే. నాసా 1994లో ప్రచురించిన అధ్యయనంలో దూరప్రయాణపు విమానాల్లో ముగ్గురు సిబ్బందిలో ఒకరికి వంతులవారీగా 40 నిమిషాల విశ్రాంతి ఇస్తే, వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయి, నిద్రపోని వాళ్ల కన్నా చురుగ్గా పనిచేశారు. అరగంట దాటితే మనిషి గాఢనిద్రలోకి జారతాడు, లేచాక కాసేపు మొద్దుబారి ఉంటాడు, కాబట్టి ఇరవై నిమిషాలు మేలని నిపుణుల మాట. సముద్రం మీద విమానం నడిపేవాడు నిద్రపోవచ్చు, ఆదాయం సర్టిఫికెట్ రాసేవాడు నిద్రపోకూడదు అనడంలో తర్కం ఏమిటో తెలియదు. బెంగళూరులో వేక్‌ఫిట్ అనే సంస్థ 2022 మేలో తన ఉద్యోగులకు రోజూ రెండు నుంచి రెండున్నర దాకా నిద్రపోయే హక్కు ప్రకటించి వార్తలకెక్కింది. ఆ సంస్థ అమ్మేది పరుపులు. ఉద్యోగి నిద్రలో లాభం కనిపించినప్పుడు యాజమాన్యం దాన్ని హక్కుగా గుర్తించగలదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ నిద్ర నవ్వులాట కాని చోటు ఒకటుంది, అది 44వ నంబరు రహదారి. బ్రిటన్‌లో నిద్రమత్తు వల్ల జరిగిన రోడ్డు ప్రమాదాలను పరిశీలించి 1995లో ప్రచురించిన అధ్యయనంలో అవి తెల్లవారుజామున రెండుకు, ఆరుకు, మధ్యాహ్నం నాలుగు ప్రాంతాన ఎక్కువగా కనిపించాయి. గుమస్తా తూగితే గీత వంకరపోతుంది, డ్రైవరు తూగితే లారీ వంకరపోతుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలే పని అంది, అయిదు గంటలకొకసారి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. బుద్ధిమంతుడైన డ్రైవరు దాబా దగ్గర తిని, లారీ కింద నీడలో తాడిపత్రి పరుచుకొని ఒరుగుతాడు. పొద్దు జరిగి ఎండ మొహం మీదికి రాగానే లేస్తాడు, వేరే అలారం అక్కర్లేదు. అందరిలోకీ అవసరమైన కునుకు అతనిది, ఎవరి ప్రాణమూ తీయని కునుకు అది. అయితే లారీకి జీపీఎస్ ఉంటుంది. బండి ఆగి పావుగంట కాకముందే సిటీ నుంచి ఓనరు ఫోను వస్తుంది, రామాయంపేట దగ్గర ఎందుకు ఆపినవని. కునుకుకు నిమిషాలతో సహా హాజరు వేసే ఏర్పాటు ప్రస్తుతానికి రోడ్డు మీదే ఉంది. ఆఫీసు కుర్చీలకు అది ఇంకా బిగించలేదు.